పువ్వుల్లో పెట్టిన పియానో

అమ్మిరాజుకి తన తెలివి మీద మహా గురి. వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చేంత జాగ్రత్తపరుడు మరి. తమ్ముడు గవర్రాజు అన్నకేం తీసిపోడు. కరెంటు పోతే టార్చిలైటు వేసి బల్బుకేసి చూసి, "నిజమే అన్నయ్యా, పోయింది" అని ఖాయం చేసేవాడు. ఇక అమ్మిరాజు భార్య వరహాలమ్మ సామర్లకోటంతా చెప్పుకు తిరిగేది: "ఎవరేం చెప్పినా మేం అక్షరం పొల్లుపోకుండా చేస్తామండీ. అదే మా ఇంటి తెలివి!"

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు హారిక. మూడో తరగతి. ఒక ఆదివారం చర్చి పక్కనుంచి వస్తూ, లోపల గ్రేసమ్మ టీచర్ పియానో వాయిస్తుంటే విని అక్కడే నిలబడిపోయింది. అప్పట్నుంచీ అన్నం కంచం మీద, పుస్తకాల సంచీ మీద, ఆఖరికి నిద్రపోతున్న బాబాయి పొట్ట మీద కూడా వేళ్ళు ఆడిస్తూనే ఉంది.

గ్రేసమ్మ టీచర్ అమ్మిరాజుని పిలిచి చెప్పింది.

"పాపకి నేర్పుతానండీ. కానీ ఇంట్లో పియానో ఉండాలి. సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు. దసరా సెలవుల్లోగా కొనకపోతే ఆ చోటు ఇంకో పాపకిచ్చేస్తాను. కొనేముందు మాత్రం మెట్లన్నీ నొక్కి చూసుకోండి. ఒక్కటి కూడా కూరుకుపోయి ఉండకూడదు."

ఆ మాట విని హారిక రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"సెకండ్ హ్యాండంటే రెండో చెయ్యి," అన్నాడు గవర్రాజు. అతను ఇంగ్లీషు తెలిసినవాడు.

"రెండో చెయ్యంటే ఎడం చెయ్యేగా?" అంది వరహాలమ్మ.

"మరే! ఎడం చేత్తో తెచ్చుకునే పియానో అన్నమాట."

పెద్దాపురంలో సుదర్శనం గారనే పెద్దాయన దగ్గర పొట్టి పియానో ఒకటి అమ్మకానికుందని తెలిసి నలుగురూ వెళ్ళారు. తలుపు తీసేసరికి గవర్రాజు గుమ్మం ముందు బోర్లా పడుకుని అరుగు మెట్లు నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు సుదర్శనం గారు కంగారుగా.

"మెట్లు చూస్తున్నానండి. గట్టివే. రెండోది కాస్త పెచ్చులూడింది."

"పియానోకుండే మెట్లు చూడాలయ్యా!"

"పియానో మీదకి ఎక్కుతారాండీ?" అన్నాడు అమ్మిరాజు ఆశ్చర్యంగా.

ఈలోగా హారిక లోపలికి పరిగెత్తి, స్టూలెక్కి, ఒక తెల్ల మెట్టు మీద వేలు పెట్టి నొక్కింది. టింగుమంది. పాప మొహం వెలిగిపోయింది. సుదర్శనం గారు కండువాతో పియానో మీది దుమ్ము తుడిచారు.

"ఇది మా ఆవిడ వాయించేది," అన్నారు. "ఆవిడ పోయాక ముట్టుకున్నవాళ్ళు లేరు. తీసుకెళ్ళండి. పువ్వుల్లో పెట్టి చూసుకోండి."

"తప్పకుండానండి!" అన్నారు ముగ్గురూ.

ఇంకేముంది! కుడిచేతులు వెనక్కి కట్టేసుకుని, ఎడం చేతుల్తోనే పియానోని వ్యాను దాకా లాగారు. వ్యాను డ్రైవరు "రెండు చేతులూ వెయ్యండి బాబూ!" అని మొత్తుకున్నా వినలేదు. ఇంటికి చేరగానే వరహాలమ్మ బజారుకెళ్ళి బుట్టలకొద్దీ బంతిపూలు తెచ్చింది. పియానో పైమూత తీసి, తీగల మధ్య సందు లేకుండా కూరింది. మీద మల్లెపూలు పోసింది. వాడిపోతాయేమోనని చెంబుడు నీళ్ళు చల్లింది.

హారిక ఆశగా నొక్కింది. టింగుమనలేదు. తుస్సుమంది.

మర్నాడు గ్రేసమ్మ టీచర్ వచ్చి మూత తీసి చూసింది. ఒక బంతిపువ్వు ఆమె ఒళ్ళో పడింది.

"ఇదేం పనండీ! తీగలన్నీ తడిసి శ్రుతి తప్పింది. శ్రుతి లేకుండా ఎంత వాయించినా దండగే. ముందు ఆ శ్రుతి సంగతి చూడండి," అని విసురుగా వెళ్ళిపోయింది.

"అయ్యో, ఎవరి పిల్లో పాపం!" అంది వరహాలమ్మ.

అంతే. గవర్రాజు ఆటోకి మైకు కట్టించాడు. "శ్రుతి అనే పాప తప్పిపోయింది! కనబడితే అమ్మిరాజు గారింట్లో అప్పగించండి!" అంటూ ఊరంతా తిరిగాడు. చీకటి పడేసరికి ఇంటి నిండా శ్రుతులే. స్కూలు పిల్ల ఒక శ్రుతి, బ్యాంకులో పనిచేసే శ్రుతి ఒకావిడ, చంకలో చంటి శ్రుతితో ఒక తండ్రి. "మా పిల్ల తప్పిపోయిందని చెప్పడానికి నువ్వెవడివిరా?" అని ఆయన గవర్రాజు కాలరు పట్టుకున్నాడు.

అమ్మిరాజు అడ్డం వెళ్ళి, "ఆగండి! వీళ్ళలో పియానోలోంచి తప్పిపోయిన శ్రుతి ఎవరో చెప్తే, మిగతావాళ్ళు వెళ్ళిపోవచ్చు," అన్నాడు.

మైకు విన్న గ్రేసమ్మ టీచర్ తల పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అందర్నీ బతిమాలి పంపించి, కాకినాడ నుంచి పియానో బాగుచేసే ఆయన్ని తనే పిలిపించింది. ఆయన పూలన్నీ ఏరి, తీగలు ఆరబెట్టి, బిగించి, సరిచేశాడు.

"ఇక పాప రోజూ పొద్దున్నే గంట వాయించాలి. మానకూడదు," అని చెప్పి టీచర్ వెళ్ళింది.

మానలేదు. అమ్మిరాజు దేవుడి గదిలోంచి గంట తెచ్చిచ్చాడు. హారిక రోజూ కోడి కూయకముందే లేచి గణగణమని వాయించింది. చుట్టుపక్కలవాళ్ళు దుప్పట్లలోంచే తిట్టుకున్నారు. వారం తిరిగి టీచర్ వచ్చేసరికి పాపకి ఒక్క స్వరం రాదు.

"గంట బాగా వచ్చేసింది టీచర్. పియానో ఎప్పుడు ముట్టుకోనిస్తారు?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

టీచర్‌కి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇక లాభం లేదని రోజూ తనే వచ్చి పక్కన కూర్చుంది. హారిక వేళ్ళు చురుకైనవి. చూస్తుండగానే సగం పాట వచ్చేసింది.

"ఇవాళ్టికి చాలు," అంది టీచర్ లేస్తూ. "రేపు నేనొచ్చేసరికి సరిగ్గా ఇక్కణ్ణుంచే ఎత్తుకోవాలి."

"ఇక్కణ్ణుంచేనాండీ?" అన్నాడు గవర్రాజు.

"ఇక్కణ్ణుంచే."

గవర్రాజు వెంటనే పియానో చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు.

మర్నాడు టీచర్ గుమ్మంలో అడుగుపెట్టి కొయ్యబారిపోయింది. అమ్మిరాజు ఒక కొస, గవర్రాజు ఒక కొస, వరహాలమ్మ వెనకా పట్టుకుని పియానోని గాల్లోకి ఎత్తుకుని ఉన్నారు. హారిక బల్లెక్కి నిలబడింది.

"ఎత్తుకున్నాం టీచర్ గారూ! గీత దాటలేదు!" అన్నాడు అమ్మిరాజు చెమటలు కక్కుతూ.

"దించండి బాబూ, దించండి!"

"పాట మధ్యలో ఎలా దించుతామండీ? వాయించమ్మా, తొందరగా!"

హారిక వాయించింది. నిన్న ఆగిన చోటు నుంచి మొదలుపెట్టి, ఒక్క మెట్టు తడబడకుండా చివరిదాకా వాయించేసింది. గ్రేసమ్మ టీచర్ అంతా మర్చిపోయింది. కళ్ళు చెమర్చాయి.

"ఎంత బాగా వాయించావే తల్లీ! చప్పట్లు కొట్టండి పాపకి!" అనేసింది.

అంతే. ముగ్గురూ రెండు చేతులూ ఎత్తి ఒక్కసారే చప్పట్లు కొట్టారు.

ధడేల్!

"చూశారా టీచర్ గారూ," అంది వరహాలమ్మ గర్వంగా, "మా ముగ్గురి చప్పట్లకే ఇల్లు అదిరిపోయింది!"