శృతి చేసుకుంటున్న అమ్మాయి పటం

వెనకటికి గిరిదుర్గాన్ని ఏలే రాజుకి ముగ్గురు కొడుకులుండేవారు. ఏడు సముద్రాల అవతల, ఒక మాంత్రికుడి కోటలో పాత పటం ఉందనీ, అందులో వీణ పట్టుకున్న అమ్మాయి బొమ్మగా చిక్కుకుపోయిందనీ వాళ్లు విన్నారు. ఆ పటం వేసిందెవరో ఎవరికీ తెలియదు.

ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్లాడు. తిరిగి రాలేదు. అన్నని వెతుక్కుంటూ రెండోవాడు వెళ్లాడు. తిరిగి రాలేదు. అన్నలిద్దరినీ తీసుకొస్తానని మూడోవాడు మణికర్ణుడు బయలుదేరాడు. తండ్రి వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. అటుకుల మూట కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో మూడుసార్లు చూశాడు.

ముసలి తాబేలు ఒకటి మణికర్ణుణ్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"మాంత్రికుడి ప్రాణం వాడి చిలకలో ఉంది నాయనా. దానికి ఒక్క ప్రశ్నే వచ్చు. ఇంకేదైనా పలికిందా, వాడి పని అయిపోయినట్టే" అంది తాబేలు.

"మరి ఇన్నాళ్లూ నువ్వే పలికించలేకపోయావా తాతా?"

"నా గొంతు వింటున్నావుగా."

కోటలో పటం కింద అన్నలిద్దరూ రాతిబొమ్మలై ఉన్నారు.

"ఈమె వాయిస్తున్న రాగమేది?" అంది చిలక.

"మీ పెద్దన్న కల్యాణి అన్నాడు. రెండో అన్న తోడి అన్నాడు. తప్పితే నువ్వూ రాయివే" అన్నాడు మాంత్రికుడు.

మణికర్ణుడు పటాన్ని పరీక్షగా చూశాడు. అమ్మాయి ఎడమచేయి వీణ మెట్ల మీద లేదు, తీగ బిగించే బిరడ మీద ఉంది. అతను చెప్పులు విప్పి నేల మీద కూర్చున్నాడు.

"కూర్చున్నావేం?" అన్నాడు మాంత్రికుడు.

"ఆమె ఇంకా వాయించడం లేదయ్యా. శృతి చేసుకుంటోంది. మా అమ్మ శృతి చేసుకునేటప్పుడు మా ఇంట్లో ఎవరం మాట్లాడం."

కాసేపాగి, ఆమెకు ఆధారంగా మెల్లగా 'స' అని పాడాడు. పటంలో బిరడ కదిలింది. తీగ 'స' అని మోగింది. చిలక తల వంచి విన్నది. ప్రశ్న మరచిపోయి 'స' అంది.

మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు. అన్నలు కళ్లు తెరిచారు. అమ్మాయి పటంలోంచి దిగింది. ఆమె పేరు విపంచి.

"రాగం పేరు తెలిస్తే వీడు నా పాట లాక్కునేవాడు. అందుకే నేను మొదలుపెట్టకముందే ఈ పటం వేసిన చిత్రకారుడు నన్ను బొమ్మలో దాచాడు" అంది.

"ఆయన పేరేమిటి?"

"అప్పుడు శృతి చేసుకుంటున్నాను కదా. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

అందరూ గిరిదుర్గం చేరాక విపంచి ఇష్టపడి మణికర్ణుణ్ని పెళ్లాడింది. ఇద్దరూ చాలాకాలం ప్రజల్ని చల్లగా ఏలారు. ఖాళీ అయిన ఆ పటాన్ని సభలో వేలాడదీశారు. వీణ ముందు కూర్చున్న ప్రతిసారీ రాణి దానికి దణ్ణం పెట్టేది. తలచుకోవడానికి పేరు లేక, కాసేపు ఊరికే కళ్లు మూసుకునేది.