అరువు సాక్ష్యం

గోదావరి పాయకు ఆవలి ఒడ్డున లంకపేట అనే ఊళ్ళో కెజియమ్మ అనే మంచి మనిషి ఒకామె ఉండేది గానీ, తనకు లేనిదాన్ని లేదని ఒప్పుకోవడం మాత్రం ఆమెకు చచ్చినా చేతనయ్యేది కాదు.

పొద్దుట్నుంచి ఏమీ తినకపోయినా, ఎవరైనా "భోజనమైందా?" అని అడిగితే "ఇప్పుడే అయిందండీ" అనేది. ఆ ఊరి ఆడవాళ్ళంతా మధ్యాహ్నం పూట అరుగుల మీద చేరి లేసు అల్లేవారు. కెజియమ్మ కూడా అల్లేది. చూపు ఆనక అల్లిక తప్పితే, తప్పిందని చెప్పకుండా "ఇది కొత్త డిజైను" అనేది. వినేవాళ్ళు మూతి బిగించి నవ్వు ఆపుకునేవారు. ఇంత చిన్న బొంకుతో ఎవరి కొంప మునుగుతుందిలే అని ఆమె ధీమా.

ఇన్ని కబుర్లు చెప్పే ఆ మనిషి లోపల ఒక పెద్ద వెలితి ఉండేది. దేవుడు తనతో ఒక్కసారి మాట్లాడాలని ఆమెకు ఆశ. చిన్నప్పుడు వాళ్ళమ్మ తెల్లవారుతూనే మోకాళ్ళూని ప్రార్థన చేసేది. మధ్యమధ్యలో ఆగి, ఎవరో జవాబు చెబుతున్నట్టు తల ఒక పక్కకు వంచి వినేది. తలుపు చాటున నిలబడి కెజియమ్మ కూడా చెవులు రిక్కించేది. పెరట్లో కాకుల గోల తప్ప ఆమెకు ఏమీ వినిపించేది కాదు.

పెద్దదయ్యాక కాలవలో బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో మునిగి లేచేసరికి ఆ స్వరం వినపడుతుందని ఎంతో ఆశపడింది. చెవుల్లోకి నీళ్ళు పోయాయి, అంతే. పెళ్ళయినప్పుడు ఎదురుచూసింది. కొడుకు యోహాను పుట్టినప్పుడు ఎదురుచూసింది. భర్త పోయినప్పుడు, ఈ రోజైనా ఒక్క మాట అనకపోతాడా అని శవం పక్కనే కూర్చుని ఎదురుచూసింది. మందిరంలో పాట పాడుతుంటే చుట్టూ అందరి కళ్ళూ చెమర్చేవి. ఆమె కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి. అందుకని ఆమె కూడా కొంగు తీసి కళ్ళకు అద్దుకునేది. ఆ కొంగు వెనక ఆమె ఎంత కుమిలిపోయేదో పక్కవాళ్ళకు తెలిసేది కాదు.

అన్నిటికన్నా ఆమెకు కష్టమైన ఘడియ ఆదివారం సాక్ష్యాల వేళ. ప్రసంగానికి ముందు అయ్యగారు, అంటే ఆ సంఘ కాపరి, "దేవుడు చేసిన మేలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. ఒకామె లేచి, దిగులుతో పడుకుంటే ప్రభువు కలలో కనిపించి ఓదార్చాడని చెప్పేది. ఒకాయన లేచి, వరదలో పడవ తలకిందులవుతుంటే ఎవరో భుజం పట్టుకుని లాగినట్టయిందని చెప్పేవాడు. సంఘమంతా "స్తోత్రం" అనేది. అందరికన్నా గట్టిగా కెజియమ్మే అనేది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, "అందరితో మాట్లాడతావు, నేనేం పాపం చేశాను ప్రభువా? ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట" అని బతిమాలుకునేది.

ఒకసారి ఆమె ఏరు దాటి పట్నంలో జరిగే ఉజ్జీవ సభలకు వెళ్ళింది. అక్కడ ముక్కూ మొహం తెలియని ఒకామె సాక్ష్యం చెప్పింది. బిడ్డకు ఒళ్ళు కాలే జ్వరం వచ్చిందట. డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే "ఆగు, బిడ్డను నాకప్పగించు" అని స్వరం వినిపించిందట. చెప్పులు విప్పేసి మోకాళ్ళూనిందట. లేచేసరికి జ్వరం దిగిపోయిందట. కెజియమ్మ రెప్ప వెయ్యకుండా విన్నది. తిరిగి వస్తూ పంటు మీద, అంటే జనాన్ని ఏరు దాటించే ఇంజను పడవ మీద, ఉన్నంతసేపూ ఆ మాటలే నెమరేసుకుంది. ఇది నాకు జరిగి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ఇలాగే జరిగి ఉండొచ్చుగా అనుకుంది. పంటు ఒడ్డుకు చేరేసరికి, ఆమె ఊహలో ఆ పరాయి ఆడమనిషి లేదు. మోకాళ్ళ మీద ఉన్నది తనే.

మరుసటి ఆదివారం కెజియమ్మ లేచి నిలబడింది. తన కొడుకు యోహాను పసివాడుగా ఉన్నప్పుడు జరిగిందంటూ ఆ కథంతా చెప్పింది. మందిరం దద్దరిల్లేలా "స్తోత్రం" అన్నారు.

"ఇంత గొప్ప అనుభవం ఇన్నాళ్ళూ ఎలా దాచుకున్నారమ్మా?" అన్నారు అయ్యగారు.

"చెప్పుకోవడం ఎందుకులెండి అని ఊరుకున్నానండీ" అంది కెజియమ్మ, తల వంచుకుని.

అప్పట్నుంచి ఊళ్ళో ఆమెకు గౌరవం పెరిగింది. ఎవరింట్లో కష్టమొచ్చినా ప్రార్థనకు ఆమెనే పిలిచేవారు. కానీ ఆమెకు ఒక నష్టం జరిగింది. అది ఆమెకు మాత్రమే తెలుసు. ఇంతకుముందు తలుపు వేసుకుని ఒక్క మాట కోసం బతిమాలుకునేది కదా, ఇప్పుడు అదీ పోయింది. విన్నానని ఊరందరి ముందూ చెప్పి, వినిపించమని ఏ మొహంతో అడుగుతుంది? భోంచేశానని చెప్పినవాళ్ళకు ఎవరు మాత్రం వడ్డిస్తారు? ఇంట్లో ఒంటరిగా మోకాళ్ళూనేది, నోరు పెగిలేది కాదు. లేచి వచ్చేసేది. ఆశ మాత్రం లోపల అలాగే కాలుతూ ఉండేది.

ఇంతలో వానలు పట్టాయి. ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పొరుగింటామె వచ్చి, "కెజియమ్మగారూ, రిబ్కా కొడుక్కి బాగాలేదండీ. మీరొచ్చి ప్రార్థన చెయ్యాలని ఒకటే అడుగుతోంది" అని చెప్పింది.

రిబ్కా ఆ సంఘంలోకి మూడు నాలుగేళ్ళ కిందట కోడలై వచ్చిన పిల్ల. భర్త వేరే ఊళ్ళో రొయ్యల చెరువుల దగ్గర పని చేసేవాడు. కెజియమ్మ వెళ్ళేసరికి చాప మీద పసివాడు తిమోతి పడి ఉన్నాడు. చెయ్యి వేస్తే ఒళ్ళు చుర్రుమంది. కళ్ళు తేలేస్తున్నాడు. పక్కనే రిబ్కా మోకాళ్ళ మీద ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎప్పట్నుంచే ఇలా?" అంది కెజియమ్మ గాభరాగా.

"మొన్నట్నుంచండీ, పెద్దమ్మా."

"మొన్నట్నుంచా! మరి ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"బయల్దేరానండీ. చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మంలో మీ సాక్ష్యం గుర్తొచ్చింది. విప్పేసి మోకాళ్ళూనాను." రిబ్కా ఆమె చెయ్యి పట్టుకుంది. "స్వరం మాత్రం రావట్లేదు పెద్దమ్మా. మీకు బయల్దేరుతుంటేనే వినపడింది కదా, నాకు ఇంకెంతసేపటికి వినపడుతుందండీ?"

తను చెప్పిన కథ ఎంత పని చేసిందో కెజియమ్మకు తెలిసొచ్చింది. అయినా పాత అలవాటు ఊరుకుంటుందా? నిజం చెప్పకుండా గట్టెక్కే దారి వెతికింది.

"ముందు ఏరు దాటి పట్నం ఆసుపత్రికి పోదాం పదమ్మా. డాక్టర్ల చేత కూడా దేవుడే బాగు చేయిస్తాడు. దారిలో నేను ప్రార్థన చేస్తూనే ఉంటాను" అంది.

రిబ్కా తల అడ్డంగా ఊపింది. "మీరే అలా అంటే ఎలాగండీ? మీరు విప్పేసిన చెప్పులు నేను వేసుకుంటే, నాకు విశ్వాసం లేనట్టే కదా? ఆయన నన్ను పరీక్షిస్తున్నాడు. నేను కదలను. నా తిమోతిని ఆయనకే అప్పగించాను."

పసివాడు ఒక్కసారి బిగుసుకుపోయి మూలిగాడు. ఇక సగం నిజాలతో పని జరగదని కెజియమ్మకు అర్థమైంది. నిజం చెబితే ఊళ్ళో తన పరువు పోతుంది. చెప్పకపోతే ఈ బిడ్డ పోతాడు. ఆమె రిబ్కా ఎదురుగా చతికిలబడింది.

"రిబ్కా, నాకు ఏ స్వరమూ వినపడలేదు."

"ఏంటండీ?"

"ఆ రోజే కాదు, పుట్టినప్పట్నుంచి ఇంతవరకు ఎప్పుడూ వినపడలేదు. సభల్లో ఎవరో చెప్పుకున్న సాక్ష్యం తెచ్చి నాదని చెప్పాను. ఆమెకు నిజంగానే జరిగి ఉంటుంది. నాకు మాత్రం జరగలేదు. మా యోహానుకు జ్వరమొస్తే నేను వాణ్ణి భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికే పరుగెత్తానమ్మా. సూది వేశారు. బతికాడు."

రిబ్కా ఆమె మొహంలోకి చూసింది. "అబద్ధం చెప్పారా? మందిరంలో?"

"మందిరంలోనే చెప్పాను తల్లీ. లే. నీకు దణ్ణం పెడతాను, లేమ్మా!"

రిబ్కా చివాలున లేచింది. తిట్టినా బాగుండును అనిపించింది కెజియమ్మకు. బిడ్డను ఎత్తుకుని రిబ్కా చెప్పులు కూడా వేసుకోకుండా రేవు వైపు పరుగెత్తింది. గొడుగు పట్టుకుని వెనకాలే కెజియమ్మ పరుగెత్తింది. అప్పుడే కదులుతున్న పంటును కేకలు వేసి ఆపించింది.

పంటు మీద రిబ్కా మొహం అటు తిప్పుకుని కూర్చుంది. కెజియమ్మ కొంగు తడిపి పసివాడి నుదుటి మీద వేస్తూ, పెదాలు కదిలీ కదలనట్టు మొదలుపెట్టింది. "ప్రభువా, నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించాను. నేను అబద్ధాలకోరుని. నా దగ్గర విశ్వాసమూ లేదు, అనుభవమూ లేదు, చెప్పుకోవడానికి ఏమీ లేదు. నువ్వు కావాలని మాత్రం ఉంది. చిన్నప్పట్నుంచీ ఉంది. నా పాపానికి ఈ బిడ్డను బలి కానివ్వకు."

జవాబు ఏమీ రాలేదు. ఇంజను చప్పుడు, వాన చప్పుడు వినపడుతున్నాయి, అంతే. కానీ కెజియమ్మ ఏడుస్తోంది. ఎవరైనా చూడాలని కాదు, ఎవరో చూస్తారని ఆపుకోనూ లేదు. ఏళ్ళ తరబడి మోకాళ్ళూనిన మనిషి ఏమీ దాచుకోకుండా ప్రార్థన చేయడం అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దర్నీ చెడామడా చివాట్లు పెట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో కూడా ఏమీ ఉండేది కాదని చెప్పింది. సెలైను ఎక్కించారు. సాయంత్రానికి తిమోతి కళ్ళు తెరిచి "అమ్మా, నీళ్ళు" అన్నాడు. రిబ్కా వాణ్ణి గుండెలకు హత్తుకుని బావురుమంది. కెజియమ్మను మాత్రం దగ్గరికి రమ్మనలేదు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

ఆదివారం వచ్చింది. "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అయ్యగారు అడిగారు. కెజియమ్మ లేచింది. కిందటిసారిలా తియ్యటి మాటలు వింటామని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"నేను ఇదివరకు చెప్పిన సాక్ష్యం నాది కాదు" అందామె. "అరువు తెచ్చుకున్నాను. దానివల్ల ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది. దేవుడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మీరంతా చెబుతుంటే నేను లోపల కుమిలిపోయేదాన్ని. ఆయన మాట వినాలని నాకు ఎంత ఆశో చెప్పలేను. ఆ ఆశ తప్ప నా దగ్గర ఏమీ లేదండీ. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ "స్తోత్రం" అనలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో "ఛీ" అన్నారు. కెజియమ్మ కూర్చోవాలో నిలబడాలో తెలియక చాప అంచు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు చివరి వరసలోంచి ఒక గొంతు "స్తోత్రం" అంది. ఒడిలో తిమోతిని పెట్టుకుని రిబ్కా కూర్చుని ఉంది. ఆమె కళ్ళలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా మళ్ళీ అంది, ఈసారి గట్టిగా, "స్తోత్రం!"

ఆ తరవాత చాలాకాలం కెజియమ్మను ఎవరూ ప్రార్థనకు పిలవలేదు. ఆమె దానికి నొచ్చుకోలేదు. తెల్లవారుతూనే మోకాళ్ళూని, "ఇంకా వినపడలేదు ప్రభువా, ఇవాళ కూడా అడుగుతున్నాను" అనేది. సిగ్గుపడకుండా అడిగేది, దాచుకోకుండా ఏడ్చేది. కొన్నాళ్ళకు ఒక ఉదయం రిబ్కా పిల్లాణ్ణి చంకనెత్తుకుని వచ్చి, "నాక్కూడా వినపడదు పెద్దమ్మా, మీ పక్కన కూర్చోనా?" అని అడిగింది. కెజియమ్మ చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

విశ్వాసంలో ఎదగడమంటే ఇతరులకు దొరికినదాన్ని మనకూ దొరికినట్టు చూపించడం కాదు, మనకింకా దొరకనిదాన్ని దొరకలేదని దేవుని ముందు ఒప్పుకుని, ఆశ వదలకుండా అడుగుతూ ఉండడమే.