బీరువాలో రేడియో

మూడో అంతస్తు కెమెరా మళ్లీ నల్లబడింది. సోమేశానికి ఒళ్లు మండిపోయింది.

నాగలింగస్వామి వారిది పేరుకే ఆశ్రమం. నరసరావుపేటలో ఒక భక్తుడు రాసిచ్చిన మూడంతస్తుల ఇల్లది. దానికి కావలి కాయడం కూడా గురుసేవేనని శిష్యుడు సోమేశం నమ్మకం. గేటు దగ్గర ఒకటి, అంతస్తుకొకటి చొప్పున వైర్లు లేని కెమెరాలు పెట్టించాడు. వైఫై పెట్టె కింద స్వామివారి గదిలో ఉంటుంది. ఇల్లంతా తన ఫోనులో కనిపించాలి. కానీ పై అంతస్తు కాసేపు కనిపించేది, కాసేపు మాయమయ్యేది.

పైన సామాన్ల గది ఉంది. అక్కడికి వెళ్లేది వంట చేసే పేరమ్మ ఒక్కతే. ఆమె మెట్లెక్కితే చాలు, సోమేశం ఫోను తీసేవాడు. చాలాసార్లు తెర నల్లగానే ఉండేది. ఆమె పైకి వెళ్లనప్పుడు ఎప్పుడైనా చూశాడా అంటే, చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

పోనీ ఏం పోయిందయ్యా అంటే, ఒక్క గరిటె కూడా పోలేదు. వస్తువు పోకముందే దొంగను పట్టుకున్న ఘనుడు మన సోమేశం!

పేరమ్మే వైఫై పెట్టెను కదిలిస్తోందని తేల్చేశాడు. దాన్ని స్వామివారి ఇనప బీరువాలో పెట్టి, వెనక చిల్లు పొడిపించి కరెంటు వైరు దూర్చి, తాళం వేశాడు. తాళంచెవి తన కండువా కొసకు ముడివేసుకున్నాడు. మర్నాటికి రెండో అంతస్తు కూడా పోయింది. ఆ వెనకే గేటు కూడా పోయింది. తాళం వేశానని కక్ష కట్టిందన్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా.

ఆ ఉదయం పేరమ్మ చేటలో బియ్యం తీసుకుని దిగుతుంటే మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు.

"చేట అక్కడ పెట్టు. కొంగు దులుపు."

అంతకు ముందురోజు దాకా 'పేరమ్మగారూ' అని పిలిచిన నోరే అది.

పేరమ్మ చేట కింద పెట్టింది. కొంగు దులపలేదు.

"పదేళ్లుగా ఈ చేత్తోనే నీకు అన్నం పెట్టాను బాబూ. ఇంత మాట పడ్డాక ఈ ఇంట్లో నేనిక పొయ్యి వెలిగించను."

తన గదిలోకి వెళ్లి బట్టలు మూట కట్టుకోసాగింది.

తల్లి వయసు మనిషిని పట్టుకుని అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! సోమేశానికి మాత్రం ఆమె మాటే పొగరుగా వినిపించింది. విసవిసా స్వామివారి దగ్గరికి వెళ్లాడు.

"పేరమ్మ పోతానంటోంది, పోనివ్వండి స్వామీ! తప్పు చేయని మనిషైతే ఎందుకు పోతుంది? కెమెరాలు ఆపేది ఆవిడే!"

స్వామి రేడియోలో వార్తలు వింటున్నారు. మోగుతున్న రేడియోను అలాగే అందించారు.

"దీన్ని కూడా బీరువాలో పెట్టు నాయనా. పోతుందేమో."

గురువు తన మాట నమ్మారని సోమేశం పొంగిపోయాడు. కండువా ముడి విప్పి, బీరువా తెరిచి, రేడియోను లోపల పెట్టి తాళం తిప్పాడు. వార్తలు చదువుతున్న గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది. లోపల్నుంచి గరగర తప్ప ఏమీ వినబడలేదు.

స్వామి చెవి ఒగ్గి విన్నారు.

"వార్తలు ఎవరు ఆపారు?"

"ఎవరూ ఆపలేదు స్వామీ."

"పేరమ్మ గానీ ఇటు వచ్చిందా?"

"రాలేదు."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

సోమేశం తన చేతిలోని తాళంచెవికేసి చూసుకున్నాడు. బీరువా తలుపు తీశాడు. వార్తలు చదివే గొంతు మళ్లీ వచ్చింది. రేడియోను స్వామి చేతికిచ్చి, తాళంచెవిని కండువా కొసలో చుట్టేసి, వైఫై పెట్టెను పట్టుకుని మెట్లెక్కాడు. మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య, మెట్లు తిరిగే చోట గోడకు ప్లగ్గు ఉంది. పైకీ కిందికీ సమంగా అందేలా పెట్టెను అక్కడ పెట్టాడు.

ఒక్కో కెమెరా మేలుకుంది. మూడో అంతస్తులో మూతలు పెట్టిన డబ్బాలు వరసగా కనిపించాయి. ఆఖరున గేటు కనిపించింది.

గేటు దగ్గర పేరమ్మ ఉంది. మూట కింద దించి, తలెత్తి కెమెరాకేసి చూసింది. కొంగు రెండు చేతులా పట్టుకుని దులిపింది. అందులోంచి ఏమీ రాలలేదు. మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

"కనిపిస్తోందా?" అని కింద నుంచి స్వామి అడిగారు.

సోమేశం ఫోను మెట్ల మీదే వదిలేసి పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. వీధి మలుపులో పేరమ్మను దాటి ఎదుట నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి, నలుగురూ చూస్తుండగా నడివీధిలో దులిపాడు.

తాళంచెవి రాలి పేరమ్మ కాళ్ల దగ్గర పడింది.

ఆమె దాన్ని తీయలేదు. అతన్ని ఎగాదిగా చూసింది. తన నెత్తిమీది మూట తీసి అతని నెత్తిన పెట్టి, ఆశ్రమం వైపు ముందు నడిచింది.