మోకుకిచ్చిన బరువు

"డెబ్బై అయిదు కిలోలకు దిగిన నాడు నీ నడుముకు మోకు నేనే కడత. ఒక్క కిలో ఎక్కువున్నా కట్ట."

పోయిన ఆగస్టులో బాలనర్సయ్య మామ నాతో అన్న మాట ఇది. ఆ మాట ఆయన తప్పాడు.

మోకు అంటే తాటిచెట్టు ఎక్కేవాడి ప్రాణం. చెట్టు చుట్టూ, మనిషి నడుము చుట్టూ కలిపి వేసే ఒక లావుపాటి తాడు. మా నాయిన సత్తయ్య ముప్పై రెండేళ్ళు దానికి వీపు ఆనించి బతికాడు. చెట్టు మీంచి పడి చనిపోలేదు. నిరుడు ఫిబ్రవరిలో మంచం మీద, మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఆ మూడు రోజులూ నేను హైదరాబాద్‌లో శ్రమ గౌరవం మీద సదస్సుకు కరపత్రాలు రాస్తున్నాను.

ఆ కరపత్రాల్లో తాటిచెట్టు ఉంది. చెమట ఉంది. బిగించిన పిడికిలి ఉంది. రాసినవాడు మాత్రం జన్మలో చెట్టెక్కలేదు.

నాయిన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. "తిన్నవా ఉపేందరూ?" అని అడిగేవాడు. "మీటింగ్‌లో ఉన్న నాయినా" అనేవాణ్ణి. ఆయన సరే అని పెట్టేసేవాడు. నేను హైదరాబాద్‌లో ఉన్న ఆరేళ్ళలో మా మధ్య జరిగిన సంభాషణ మొత్తం ఇంతే.

నాయిన కల్లు గీసిన చెట్లు పదకొండు. మా ఊరి గీత సొసైటీకి ఒక కట్టుబాటు ఉంది. మనిషి పోతే అతని చెట్లను ఏడాదిపాటు ఆ ఇంటికే ఉంచుతారు. ఈలోగా ఇంట్లో ఎవరైనా మోకు కట్టుకుని నాయిన చెట్టు ఒక్కటైనా ఎక్కితే పదకొండూ వాళ్ళవే. లేకపోతే ఇంకో ఇంటికి పోతాయి. అందాకా వాటిని నాయిన జోడీదారు బాలనర్సయ్య మామే గీస్తున్నాడు. సొసైటీ కూర్చునే రోజు ఫిబ్రవరి పదకొండు.

నేను ఆగస్టులో ఊరికి వచ్చాను. తాటివనంలోకి నేరుగా నడిచి, మామ చెట్టు దిగేదాకా ఆగి, ఒక్కటే చెప్పాను. "నాకు చెట్టెక్కుడు నేర్పు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎంతున్నవ్?"

"తొంభై ఎనిమిది."

"నిన్ను జూస్తే చెట్టుకే భయమైతది బిడ్డా."

అప్పుడే ఆ డెబ్బై అయిదు మాట అన్నాడు.

మా ఊళ్ళో మనిషిని తూచే యంత్రం లేదు. రేషన్ డీలర్ ఐలయ్య ఇంటి వసారాలో బియ్యం తూచే కాంటా ఉంది. ప్రతి సోమవారం పొద్దున చెప్పులు విడిచి దాని మీద నిలబడేవాణ్ణి. తొంభై ఎనిమిది తొంభై అయిదైంది. తొంభై అయిదు తొంభై అయింది. దసరా పోయేసరికి ఎనభై ఆరు. నా ప్యాంట్లు నడుము మీద నిలవలేదు. ఐలయ్య గోనెసంచి కుట్టే పురికొస మూడు మూరలు తెంచి, కట్టుకొమ్మని ఇచ్చాడు.

నవంబర్ చివర్లో ఎనభై రెండు. అక్కడ ఆగింది.

డిసెంబర్ మొదటి సోమవారం ఎనభై రెండు. రెండో సోమవారం ఎనభై రెండు. నెల మొత్తం ఎనభై రెండు. ఎనిమిది కిలోమీటర్లు నడిచేవాణ్ణి పద్నాలుగు నడిచాను. అన్నం మానేశాను. తర్వాత రొట్టె మానేశాను. తర్వాత రాత్రి భోజనమే మానేశాను.

"ఎనభై రెండే," అన్నాడు ఐలయ్య, కాంటా వైపు వంగి చూసి. "బియ్యమైతే మూడిండ్లకు పంచేటోణ్ణి. నిన్నేం జేసుకోవాలె?"

పొద్దుగూకే వేళ నాయిన చెట్లలో అన్నిటికంటే పొడుగైన దాని కింద కూర్చునేవాణ్ణి. మోకు రాసుకుని రాసుకుని మొద్దు మీద నునుపు తేలిన గుర్తులుంటాయి. కింది మూడు నా చేతికి అందేవి. మిగతావాటిని తలెత్తి చూడాల్సిందే. పదహారు కిలోలు పోయాయి. నాయినకూ నాకూ మధ్య ఆ చెట్టు నలభై అడుగుల ఎత్తు అలాగే ఉంది.

జనవరి మొదట్లో ఒకరోజు మామ ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో కూర్చుని గీతకత్తి నూరుతున్నాడు. లచ్చవ్వత్త పొయ్యి ముందు ఉంది.

"మామా, ఫోన్‌ల చదివిన. దీన్ని ప్లాటో అంటరట."

"అంటే ఏంది?"

"దిగుకుంట దిగుకుంట ఒక్క కాడ ఆగిపోవుడు."

"ఆగితే ఏమైంది?"

"ఏమైందంటవేంది! ఇంకా ఏడు కిలోలు. నెల రోజులే ఉన్నయి. ఇది నా మీద నా ఒళ్ళు చేస్తున్న కుట్ర మామా. నేను లొంగ. రాజీ లేదు. ఆకలే నా ఆయుధం."

మామ కత్తి అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"ఆకలి ఆయుధమైతే మా తాతలు రాజ్యాలేలుదురు."

లచ్చవ్వత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి నా మొహం చూసింది. "నవ్వులాట గాదయ్యా. పోరడు మనింటికొచ్చి నీళ్ళు దాగి పోతున్నడు. పిట్ట మెతుకంత గూడ ముట్టుతలేడు. సత్తయ్యన్న ఉంటే నన్ను తిట్టకపోనా?"

"ఎనభై రెండుకే కట్టు మామా," అన్నాను. "ఒక్కసారి. ఏడు కిలోలకు నాయిన చెట్లు పరాయి ఇంటికి పోతయా? ఇదెక్కడి న్యాయం?"

"మాటిచ్చిన గదా."

"ఆ మాట మార్చుకో."

ఆయన మళ్ళీ కత్తి నూరడం మొదలుపెట్టాడు.

జనవరి మూడో సోమవారం కాంటా ఎక్కాను. ఎనభై రెండున్నర.

ఐలయ్య ఈసారి జోకు మాని, కూర్చోమని పీట జరిపాడు. అదే ఎక్కువ బాధనిపించింది.

అక్కణ్ణుంచి తాటివనానికి ఎలా నడిచానో గుర్తు లేదు. మామ చెట్టు దిగుతున్నాడు. ఆయన పాదాలు నేలకు తగలకముందే అరిచాను.

"నాతోని గాదు. పంచుకోండ్రి. పదకొండు చెట్లూ పంచుకోండ్రి. వారం రోజుల సంది రెండు జామకాయల మీద ఉన్న. తగ్గేది పోయి పెరిగిన. నాయిన ముఖం చూడలేకపోయిన, ఆయన చెట్టు గూడ నాకు రాసిపెట్టి లేదు."

కళ్ళు తిరిగాయి. అక్కడే కూలబడ్డాను.

మామ ఓదార్చలేదు. కల్లు లొట్టి జాగ్రత్తగా దించి నీడన పెట్టాడు. చెట్టు మొదట్లో పెట్టుకున్న తన సద్దిగిన్నె మూత తీశాడు. జొన్నరవ్వతో వండిన గట్క, మజ్జిగ, ఒక ఉల్లిగడ్డ. గిన్నె నా ముందుకు జరిపాడు.

"తిను."

"ఎనభై రెండున్నర ఉన్న మామా."

"ఇన్న. తిను."

"తింటే పెరుగుత."

"తినకుంటే తగ్గుతున్నవా?"

నా దగ్గర చాలా నినాదాలు ఉన్నాయి. ఆ ప్రశ్నకు ఒక్కటీ పనికిరాలేదు.

తిన్నాను. ఉప్పు నాలుకకు తగలగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది, పెద్ద సగం నాకిచ్చాడు. అది ఆయన పొద్దటి తిండి అని, గిన్నె ఖాళీ అయ్యాక గానీ నాకు తోచలేదు.

తర్వాత మామ లేచి తన నడుము మీది మోకు విప్పాడు.

"లే."

"ఎందుకు?"

జవాబు చెప్పకుండా నన్ను బావి పక్కన ఉన్న తన పొట్టి చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి, నా నడుము వెనక నుంచి తెచ్చి, ముడి వేశాడు. ముడిని రెండుసార్లు గుంజి చూశాడు. గుజి అని కాళ్ళకు వేసే చిన్న తాడు నా పాదాలకు తొడిగాడు.

"మామా, మాటిచ్చినవ్ గదా?"

"ఎక్కు."

ఎక్కాను. మోకు పైకి ఎగరేసి, కాళ్ళు జరిపి, మళ్ళీ మోకు ఎగరేసి. ఆర్నెల్లు ఆయన్ను చూసి చూసి ఆ వరస కంఠతా వచ్చింది. నిలువెత్తు దాటాను. రెండు నిలువులెత్తున కిందికి చూశాను. అంతే, రెండు చేతులతో చెట్టును వాటేసుకున్నాను. ఛాతీ బెరడుకు ఆనింది. నడుము దగ్గర మోకు వదులై కిందికి జారింది. దానితోపాటు నేనూ జానెడు జారాను. అరచేతులు చీరుకున్నాయి.

"చెట్టును పట్టుకోకు," కింద నుంచి మామ గొంతు. "ఎనక్కి వాలు."

"పడత!"

"వాలు."

"నీకేం, నువ్వు యాభై అయిదు కిలోలు. నా బరువుకు తెగుతది మామా!"

"బరువియ్యకుంటే మోకు దేన్ని పట్టుకుంటదిరా?"

ఇంకో జానెడు జారాను. భుజాలు మండుతున్నాయి. ఇక పట్టుకునే శక్తి లేక చేతులు వదిలేశాను. వెనక్కి వాలాను.

మోకు కిర్రుమంది. చెట్టును కరిచి పట్టింది.

ఆగాను.

చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటికి చేసే పని లేదు. ఎనభై రెండున్నర కిలోలు, పైన కడుపు నిండా గట్క. అంతా ఆ తాడు మీద ఉంది. తాడు కదల్లేదు.

"పైకి పోత మామా."

"వద్దు. ఆడనే ఉండు."

"ఎంతసేపు?"

"నేను చెప్పేదాకా."

ఆయన బావి గట్టు మీద కూర్చుని, నా వైపు చూడకుండా, చుట్ట వెలిగించుకున్నాడు. గాలికి పైన కమ్మలు గలగలలాడాయి. నా ఊపిరి నెమ్మదించింది. నాయిన నడుము వెనక నల్లగా కాయ కాసిన చోటు ఒకటి ఉండేది. చిన్నప్పుడు ఆయన స్నానం చేసేటప్పుడు దాని మీద వేలు పెట్టి "నొప్పా నాయినా?" అని అడిగేవాణ్ణి. "లేదు బిడ్డా, అది నన్ను పట్టుకునే చోటు" అనేవాడు. ఇప్పుడు తాడు సరిగ్గా అక్కడే ఆనింది.

చుట్ట అయిపోయాక మామ దిగమన్నాడు.

నేల మీద కాళ్ళు ఆనగానే కోపం వచ్చింది. ఆర్నెల్ల కోపం.

"ఎనభై రెండున్నరకే కట్టినవ్ గదా! మోసింది గదా! మరి ఆర్నెల్లు నన్నెందుకు మాడ్చినవ్?"

"మాడుమని నేనన్ననా?"

"డెబ్బై అయిదనలే?"

మామ నా నడుము ముడి విప్పుతున్నాడు. ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

"ఆ డెబ్బై అయిదు నేను పెట్టింది గాదు. సత్తయ్య పెట్టిండు."

"నాయిన పెట్టిండా? ఎప్పుడు?"

"జరం రాక నెల ముందు. 'వాడొస్తడు బాలనర్సా. మోకు కట్టుమంటడు. పట్నం తిండి తిని లావెక్కిండు, డెబ్బై అయిదుకు దిగినంకనే కట్టు' అన్నడు. నేను నవ్విన. ఆ పోరడు పట్నం ఇడిసి ఏమొస్తడు అన్న."

నేను వస్తానని నాయినకు తెలుసు. నాకే తెలియదు.

"మరి ఆయనకిచ్చిన మాట తప్పినవ్ గదా," అన్నాను.

"తప్పిన. సత్తయ్యకు నేను చెప్పుకుంట."

ఆయన మోకును చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఆ చుట్టకు అడ్డంగా చెయ్యి పెట్టాను.

"ఇంకేమన్నడు? నేనొస్తనని ఎట్ల తెలుసు? నా గురించి ఇంకేమన్నడో ఒక్క ముక్క ఇడువకుండ చెప్పు. సొసైటీ పదకొండున కూసుంటది. పదో తారీఖు లోపల నాకు జవాబు కావాలె మామా."

కలెక్టరాఫీసు ముందు ధర్నాలో నిలబడి గడువు పెట్టినట్టే పెట్టాను.

మామ నా చెయ్యి పక్కకు జరపలేదు. మోకు మొత్తం అదే చేతిలో పెట్టాడు.

"కింద నిలబడి చెప్పే మాట గాదది. ఆయన తన చెట్టు మీదుండి అన్నడు, నేను పక్క చెట్టు మీదుండి ఇన్న. ముప్పై ఏండ్లు మా ముచ్చట్లన్నీ ఆడనే. నేను నా చెట్టు మీద ఉంట. నువ్వు ఆయన చెట్టెక్కి అడుగు. ఫిబ్రవరి పది, పొద్దుగాల."