జంబూకరావు ఆసుపత్రిలో తప్పులు జరగవు

ఆ అడవిలో ఆసుపత్రులు మూడు. కొండ కింద ఎలుగుబంటి భల్లయ్యది, వాగు ఒడ్డున కొంగ ధవళమ్మది, బాట పక్కన నక్క జంబూకరావుది. అన్నింట్లోకీ పెద్ద బోర్డు జంబూకరావుదే.

ఒకరోజు భల్లయ్య మిగతా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"మొన్న మేకకి కడుపునొప్పి వేరు ఇవ్వబోయి మత్తు వేరు ఇచ్చాను. రెండూ కవలల్లా ఉంటాయి. పాపం, చావు తప్పి కన్ను లొట్టపోయింది. మీ దగ్గర ఇలా జరగకూడదనే చెబుతున్నా. ఇందులో బలవంతమేమీ లేదు. ఎవరి తప్పులు వాళ్లు చెప్పుకుంటే నాలుగు ప్రాణాలు నిలుస్తాయి."

ధవళమ్మ మెడ దించుకుంది. "నేనూ జింక కాలికి కుట్లేసి ముల్లు లోపలే వదిలేశానన్నా. మీ సంగతేంటి జంబూకరావుగారూ?"

"మా దగ్గరా? తప్పా?" జంబూకరావు మీసం దువ్వుకున్నాడు. "మా ఆసుపత్రిలో ఆ మాటే వినబడదమ్మా. వస్తా, రోగులు కాచుకుని ఉన్నారు."

తప్పులు చెబుతున్నంతసేపూ చెవులు రిక్కించి విన్నవాడు, వాటికి ఉపాయమేమిటన్న మాట రాగానే లేచిపోయాడు. మత్తు వేరుకి ఎర్రదారం కట్టాలనీ, కుట్లకి ముందు గాయాన్ని మరొకరు చూడాలనీ మిగిలిన ఇద్దరూ అనుకున్నారు.

మర్నాడు అడవంతా దండోరా! "భల్లయ్య దగ్గర మత్తు, ధవళమ్మ దగ్గర ముల్లు! ప్రాణం తీపైతే జంబూకరావు!" రోగులంతా గొర్రెల్లా అటే పరుగెత్తారు. గొర్రెలైతే అందరికన్నా ముందు.

"నిజం చెప్పి నెత్తిమీదకి తెచ్చుకున్నామన్నా" అంది ధవళమ్మ.

"మేక బతికుందిగా, చాలు" అన్నాడు భల్లయ్య, ఖాళీ మంచాలు చూస్తూ.

ఓ మధ్యాహ్నం పీకలదాకా విందు తిని జంబూకరావుకే కడుపునొప్పి వచ్చింది. కాంపౌండరు కోతి గబగబా వేరు నూరి తాగించాడు. దారం లేని చోట ఏ వేరు ఏదో కోతికేం తెలుసు? జంబూకరావు కళ్లు తేలేశాడు. కోతి హడలిపోయి ఆయన్ని భుజాన వేసుకుని భల్లయ్య దగ్గరికి ఉరికాడు. వెనకాలే రోగులూ, వాళ్ల చుట్టాలూ.

"మత్తు వేరే!" అన్నాడు భల్లయ్య చూస్తూనే. విరుగుడు పోసి కక్కించాడు.

కళ్లు తెరుస్తూనే జంబూకరావు కోతి మీద విరుచుకుపడ్డాడు. "వెధవా! మన ఆసుపత్రిలో ఇలాంటి ఘోరం ఎప్పుడైనా జరిగిందిరా?"

"ఎందుకు జరగలేదండీ? ముంగిసకి జరిగింది, కుందేలుకి జరిగింది. నోరెత్తితే తోక కోస్తానన్నది మీరే కదండీ!"

గుమ్మంలోని గుంపు చీల్చుకుని కుందేలు భార్య ముందుకొచ్చింది. "ఆయువు తీరి పోయాడన్నావే మా ఆయన!"

జంబూకరావు మళ్లీ కళ్లు తేలేశాడు. ఈసారి ఏ వేరూ అవసరం లేకపోయింది.

నీతి: దాచిన పుండు దాచినవాడినే తింటుంది, వైద్యుడు దాచిన తప్పు మాత్రం ముందు రోగిని తింటుంది.