పాదానికి మరుపు

"బండి అదే, దారి అదే, నడిపేవాణ్నీ నేనే. మరి నాకెందుకింత భయం వేస్తోంది గురువుగారూ?" అని చిన్నారావు అడిగాడు.

పైడయ్య వెంటనే జవాబు చెప్పలేదు. అది ఆయన అలవాటు. కొండెక్కే ఆ ఘాటు రోడ్డు మీద జీపులు నడిపేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఎవరు ఏమడిగినా ఆయన ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు, టైరును కాలితో తన్ని చూసేవాడు, ఆ తర్వాత "పద, ఎక్కు" అనేవాడు. జవాబు దారిలో దొరికేది. దొరకనివాడు మళ్లీ వచ్చి అడిగేవాడు. నోటితో చెప్పిన డ్రైవింగు నోటికే వస్తుందనీ, కాలికి రాదనీ ఆయన నమ్మకం.

ఇప్పుడాయన బండి నడపడం మానేశాడు. మరుపు వచ్చింది. మొదట మనుషుల పేర్లు పోయాయి, కూతురి పేరుతో సహా. తర్వాత నిన్న జరిగినవి పోయాయి. అన్నం తిని చెయ్యి కడుక్కుని, "అన్నం పెట్టవా?" అని కూతుర్ని అడిగేవాడు. ఆమె "ఇప్పుడేగా తిన్నావు నాన్నా" అంటే తన చేతికున్న తడి చూసుకుని ఊరుకునేవాడు. మరుపు వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదని అందరూ అనుకుంటారు. తెలుస్తుంది. ఏదో పోయిందని తెలుస్తుంది, ఏది పోయిందో తెలియదు. ఇంట్లో దీపం ఆరిపోయినప్పుడు గోడ పట్టుకుని నడిచేవాడి మొహంలా ఉంటుంది ఆ మొహం. ఆ రోజు కూడా ఆయన చిన్నారావును మొదట "రాజులూ" అని పిలిచాడు. రాజులు ఇంకో శిష్యుడు, ఊరు వదిలి వెళ్లి చాలా కాలమైంది. చిన్నారావు సరిదిద్దలేదు.

చిన్నారావుది పాత జీపు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే రకం. వానాకాలంలో పొంగి పారే గెడ్డ దాటి, బురదలో గెడ్డవలస ఊరి దాకా వెళ్లి తిరిగి రాగలిగేది ఆ చుట్టుపక్కల అదొక్కటే. గెడ్డవలసలో ఎవరికి జబ్బు చేసినా అందులోనే ఘాటు ఎక్కి, కొండ మీది ఆస్పత్రికి చేరాలి. కాని ఆ బండికి ఒక లోపముంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ వెంటనే పలికేది కాదు. కాసేపు ఆలోచించి అప్పుడు లాగేది. నిండు బరువుతో మెలిక మలుపులో అలా ఆలోచిస్తే బండి ఆగిపోయి వెనక్కి జారుతుంది. ఆ కాలపు బండ్లన్నీ అంతే. అందుకని పైడయ్య తన శిష్యులకు ఒక పద్ధతి నేర్పాడు. మలుపు రాకముందే, ఎదురుగా లోయ కనిపిస్తుండగానే, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాలి. స్టీరింగు తిప్పడం పూర్తయ్యేసరికి ఇంజన్‌కు బలం వస్తుంది, బండి మలుపు దాటి పైకెక్కుతుంది. లోయను చూస్తూ తొక్కమంటే కొత్తవాడికి ప్రాణం పోయినట్టుండేది. పైడయ్య పక్కన కూర్చుని వాడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కేవాడు. "భయపడితే జారతావు. తొక్కు" అనేవాడు. ఆ చేతి బరువు కొన్నాళ్లకు కాల్లోకి దిగిపోయేది. తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు.

కిందటి వానాకాలంలో గెడ్డవలస నుంచి ఒక ముసలాయన్ని తీసుకువెళ్తుంటే జీపు మలుపు మలుపుకీ ఆయాసపడింది. ఆయన దారిలోనే పోయాడు. బండికి బలముంటే బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. చిన్నారావు మాత్రం ఆ సంగతి మనసులోంచి తీసెయ్యలేకపోయాడు. పైగా అతని చెల్లెలు జమున కాపురం గెడ్డవలసలోనే. ఆమెకు నెలలు నిండుతున్నాయి. పాత బండ్ల ఇంజన్ కంప్యూటరును సరిచేసి బలం పెంచే షాపు పట్నంలో ఉందని విని, జీపును అక్కడికి తీసుకువెళ్లాడు. ఇంజన్ కంప్యూటరంటే, ఎప్పుడు ఎంత డీజిలు పొయ్యాలో లెక్క చూసే చిన్న డబ్బా. షాపువాళ్లు దానిలోని పాత లెక్కలు తుడిచేసి కొత్తవి ఎక్కించారు. ఆ తర్వాత బండి ఆలోచించడం మానేసింది. తాకితే చాలు, ఉరికేది.

ఆ సంబరం ఘాటు దాకానే. ఖాళీ బండితో ఎక్కుతూ మొదటి మలుపు ముందు ఎప్పటిలాగే తొక్కాడు. స్టీరింగు తిరగకముందే జీపు ముందుకు దూకి, రోడ్డు అంచున ఉన్న పిట్టగోడను రాసుకుంటూ ఆగింది. పై మలుపుల్లో ఆ పిట్టగోడ కూడా లేదు. మర్నాడు చాలా జాగ్రత్తగా ఎక్కాడు. కొన్ని మలుపులు బాగానే గడిచాయి. ఇంక ఫరవాలేదనుకుని ఏదో ఆలోచనలో పడగానే కాలు తనంతట తాను తొక్కేసింది. షాపుకు ఫోన్ చేసి పాత లెక్కలే మళ్లీ పెట్టమన్నాడు. వాటిని దాచి ఉంచలేదని, తుడిచింది తుడిచినట్టేనని వాళ్లు చెప్పారు.

ఇదంతా విని పైడయ్య, "బండికి నువ్వేటి మార్పించావు?" అని చెప్పిందే మళ్లీ అడిగాడు. చిన్నారావు మళ్లీ చెప్పాడు.

"అంటే దాని బుర్ర కడిగేశారు" అన్నాడు పైడయ్య. జీపు వైపు చూసి, "దానికి బాధ లేదు కదా" అన్నాడు.

అంతలో చిన్నారావు ఫోను మోగింది. మాట్లాడింది జమున అత్తగారు కొండమ్మ. "నొప్పులొచ్చేశాయి నాయనా. ఉమ్మనీరు కూడా పోయింది. అంబులెన్సు గెడ్డ దాటి రాలేదంట. నువ్వే రావాలి."

చిన్నారావు ఫోను జేబులో పెట్టాడు. "నేను నడపలేను గురువుగారూ. నా చేతులతోనే చెల్లిని చంపేస్తాను."

పైడయ్య లేచి జీపు చుట్టూ తిరిగాడు. టైరును ఒక తాపు తన్నాడు. "పద, ఎక్కు" అని తాను ముందు సీట్లో కూర్చున్నాడు. గుమ్మంలోంచి కూతురు, "ఎక్కడికి నాన్నా? తోవలో దిగి ఎటేనా వెళ్లిపోతే నిన్నెవరు వెతుకుతారు?" అంది.

"తోవ మరిచిపోయేది నేనే కదా. నడిపేది వీడు. నువ్వూరుకో" అన్నాడాయన.

గెడ్డవలసలో జమునను వెనక సీటు మీద పడుకోబెట్టారు. కొండమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఘాటు మొదలయ్యేసరికి సన్నటి తుంపర, రోడ్డు మీద పల్చటి మంచు. చిన్నారావు పళ్లు బిగించి "తొక్కకు, తొక్కకు" అని తనలో తాను అనుకుంటున్నాడు. అది పైకే వినిపిస్తోంది.

"ఎవర్ని వద్దంటున్నాడితను?" అంది కొండమ్మ.

"కాలిని" అన్నాడు పైడయ్య.

"బాగుంది సంబడం. కాలితో మాట్లాడేవాడూ, కూతురి పేరు తెలీనివాడూ. ఎలాంటోళ్ల చేతుల్లో పడ్డావే జమునా."

పిట్టగోడ ఉన్న మలుపు దాటారు. తర్వాతదీ దాటారు. ఇంకొకటి దగ్గరపడుతుండగా నొప్పి తెరలు తెరలుగా వచ్చి జమున "అన్నా" అని అరిచింది. ఆ అరుపుకు చిన్నారావు తల వెనక్కి తిరిగింది. కాలు తన పని తాను చేసింది. జీపు ఎదురుగా ఉన్న తెల్లటి మంచులోకి దూకింది. అతను బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. ఇంజన్ ఆగిపోయింది. ముందు చక్రం కింద గులకరాళ్లు కదిలి లోయలోకి జారాయి. అవి కింద పడిన చప్పుడు కోసం అందరూ చెవులొగ్గారు. చప్పుడు రాలేదు.

చిన్నారావు పక్కకు తిరిగాడు. ముందు అతనికి గురువు మొహం కనిపించలేదు, కాలు కనిపించింది. పైడయ్య కుడి పాదం జీపు అడుగు రేకును వేళ్లు తెల్లబడేటంత గట్టిగా తొక్కిపట్టి ఉంది. అక్కడ యాక్సిలరేటర్ లేదు, ఏమీ లేదు, ఉత్త రేకు. పైడయ్య కూడా ఆ పాదాన్నే చూస్తున్నాడు, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినదాన్ని చూసినట్టు. ఇన్నేళ్లలో ఆ మొహంలో భయాన్ని చిన్నారావు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"ఈ కాలు ఏదీ మరిచిపోలేదురా" అన్నాడు పైడయ్య, చాలా నెమ్మదిగా. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఆ కాలిని వెనక్కి లాక్కున్నాడు.

తర్వాత బండి దిగాడు. వెనక్కి వెళ్లి "రా, ఇంకొంచెం రా, చాలు" అని చెబుతూ అంచు నుంచి జీపును వెనక్కి తెప్పించాడు. చక్రం వెనక రాయి పెట్టాడు. అప్పుడు తాను జీపుకు ముందు వైపు వచ్చి, బంపరుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"నేను నడుస్తాను. నా వెనక రా."

"వద్దు గురువుగారూ. నా కాలి మీద నాకు నమ్మకం లేదు."

"నాకూ లేదు" అన్నాడు పైడయ్య. "అందుకే." తిరిగి చూడకుండా నడవడం మొదలుపెట్టాడు.

"పిల్ల ఇక్కడ చస్తుంటే ఈ ఊరేగింపు ఏటి?" అంది కొండమ్మ. ఆమె గొంతులో వెటకారం సగమే ఉంది. మిగతా సగం ఏడుపు. చిన్నారావు ఎదురుగా ఒక ముసలివాడి మెడ, తడిసి వీపుకంటిన చొక్కా, పగుళ్లిచ్చిన మడమలు ఉన్నాయి. ఎక్కువ తొక్కితే ఆ మడమల మీదికి వెళ్తుంది బండి. తక్కువ తొక్కితే వెనక్కి జారుతుంది. పాదం పెడలు పైన గాలిలో ఆగింది. తర్వాత, వేడి గిన్నెను తాకి చూసినట్టు పెడలును తాకింది. జీపు కదిలింది.

మలుపు సరిగ్గా మధ్యలో పైడయ్య ఆగాడు. అటు లోయను చూశాడు, ఇటు రోడ్డును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. తానెక్కడున్నాడో, ఈ రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నాడో ఆయన మరిచిపోయి ఉంటాడని చిన్నారావుకు అనిపించింది. హారన్ కొడితే ఉలిక్కిపడి ఏ పక్కకు అడుగేస్తాడో తెలియదు. పిలిచినా అంతే. ఆ ఏటవాలులో, బ్రేకు మీద ఒక కాలు, క్లచ్చి మీద ఒక కాలు పెట్టి, బండిని ఆయన వెనక అలాగే నిలబెట్టాడు. వెనక జమున మూలుగుతోంది. అప్పుడు పైడయ్య భుజం మీది తువ్వాలు సర్దుకుని మళ్లీ నడిచాడు. చిన్నారావు పాదం ఆయన మడమల వెంట పసిపిల్లలా వెళ్లింది. ఆయన అలా ఆగింది మరుపు వల్లనో, కావాలనో, అతను తర్వాత ఎన్నడూ అడగలేదు.

మలుపు దాటాక పైడయ్య రొప్పుతూ బండెక్కాడు. పైన ఇంకా మలుపులున్నాయి. వాటికి ఆయన దిగలేదు, దిగే ఓపికా లేదు. కాని ప్రతి మలుపు ముందూ చిన్నారావుకు బంపరు అవతల ఆ పగిలిన మడమలు కనిపించాయి. కాలు పైకి లేచి, ఆగి, మెల్లగా దిగింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. భయం తగ్గలేదు. ఆస్పత్రి గేటు కనిపించినప్పుడు కూడా తగ్గలేదు.

జమునను లోపలికి తీసుకువెళ్లారు. ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. మంచు విడిపోయి ఎండ వచ్చింది. చాలాసేపటికి కొండమ్మ బయటికి వచ్చింది.

"ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. అంత గట్టిగా ఏడిస్తే వినపడలేదేటి మీకు?" అంది. ఇద్దరికీ వినపడలేదు. ఆమె చిన్నారావును తేరిపార చూసి, "కాలితో మాటలయ్యాయా?" అని కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

చిన్నారావు తన కుడి కాలిని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పైడయ్య కాసేపు ఆ కాలినే చూసి, తల ఎత్తి అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో మళ్లీ ఆ వెతుకులాట.

"ఎవరి తాలూకు బావూ నువ్వు?"

"చిన్నారావునండి. మీ శిష్యుణ్ని."

"నేను నీకేటి నేర్పాను?"

చిన్నారావు, "మలుపు రాకముందే తొక్కమని నేర్పారు" అన్నాడు. పైడయ్య తల ఊపాడు. ఆ మాట ఎక్కడికో వెళ్లి ఆయనకు ఏదో తెచ్చి ఇచ్చినట్టుంది.

"అది నేనెలా మరిచిపోవాలి గురువుగారూ?"

"మరుపు నాకు అడక్కుండానే వస్తోంది. నువ్వు కష్టపడి తెచ్చుకోవాలి" అన్నాడు పైడయ్య. "అందాకా భయాన్ని బండి దిగనివ్వకు."