ముట్టిందని అనని ఓబన్న

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటో ఎవరికీ తెలియదు గానీ, సముద్రపు ఒడ్డున ఉప్పుకోట అనే పట్నంలో కుబేరదత్తుడనే వర్తకుడు ఉండేవాడు. అతని ఉప్పును బస్తాలు మోసే పెరికెద్దుల మీద కొండల అవతలి సంతకు చేర్చే బిడారుకు ఓబన్న నాయకుడు.

ఆ ఏడు వాగులు పొంగి ప్రయాణం ఆలస్యమైంది. వర్తకుడిచ్చిన దారి ఖర్చు అయిపోయింది. సుంకం చావడి దగ్గర అధికారి, సుంకం కట్టందే వదలనని ఎద్దులను కట్టేయించాడు. బిడారుకు వంట చేసే ఓబన్న భార్య పోలమ్మ తన కాళ్ళ వెండి కడియాలు తీసి సుంకం కింద అక్కడే తాకట్టు పెట్టింది. అమావాస్యలోగా విడిపించుకోకపోతే అవి చావడి పాలు.

ఉప్పు క్షేమంగా సంతకు చేరింది. మంచి ధర పలికింది.

తిరిగొచ్చి డబ్బు సంచి అప్పగించగానే కుబేరదత్తుడు అన్నాడు: "ఓబన్నా, నీకంటే తక్కువకు వచ్చేవాడు దొరికాడు. రేపటి నుంచి రానక్కర్లేదు."

"సరే అయ్యా. నా జీతం, నేను కట్టిన సుంకం ఇప్పించండి."

"ఎక్కడికి పోతుందిరా? లెక్క చూసి ఇస్తాలే."

ఓబన్న మళ్ళీ వెళ్ళాడు. వర్తకుడు భోజనం చేసి తాంబూలం వేసుకుంటున్నాడు.

"ఎర్రెద్దు చిక్కిపోయింది. ఆ నష్టం ఎవడు భరిస్తాడు?"

"బరువు మోసి కొండలెక్కిన ఎద్దు చిక్కదా అయ్యా?"

"నోరు లేస్తోందే!" తలుపు మూసుకుంది.

మూడోసారి వెళ్ళాడు. "సుంకం కట్టమని నేను చెప్పానా? నీ అంతట నువ్వు కట్టావు. అది నీ ఖర్చే."

"కట్టకపోతే మీ ఉప్పు చావడిలోనే కరిగిపోయేది!"

"కరగలేదుగా? మరి దేనికి ఏడుస్తావు?"

ఓబన్న వట్టి చేతులతో ఇంటికి తిరిగొచ్చాడు.

అమావాస్య దగ్గరపడింది. కొత్త బిడారు బయలుదేరే రోజు కూడా వచ్చింది. పెరికెద్దుల వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పాత నాయకుడు అందరి ముందూ "నా లెక్క ముట్టింది" అని చెప్పి ముందరి ఎద్దు పగ్గం అందిస్తేనే కొత్తవాడు అందుకుంటాడు. పాత బాకీ ఉన్న బిడారుకు దారిలో పడవవాళ్ళు గానీ గడ్డివాళ్ళు గానీ అరువివ్వరు.

కుబేరదత్తుడు ఓబన్నను పక్కకు పిలిచాడు.

"సగం ఇస్తాను. ముట్టిందని ఒక్క మాట అను. నీ పెళ్ళాం కడియాలు వచ్చేస్తాయి, ఇంకేం కావాలి?"

ఓబన్న పోలమ్మ వైపు చూశాడు. ఆమె బోసి కాళ్ళతో నిలబడి ఉంది.

"సగానికి నోరు అమ్ముకుంటావా?" అంది పోలమ్మ. "కడియాలు పోతే పోయాయి."

ఓబన్న గుంపు మధ్యకు వచ్చాడు. "నాకు ముట్టలేదు" అన్నాడు గట్టిగా.

కొత్త నాయకుడిగా వచ్చిన బైరాగి అనేవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇవాళ ఈయనకు ఎగ్గొట్టినవాడు రేపు నాకు ఇస్తాడా?"

ఎద్దుల మీది బస్తాలు ఒక్కొక్కటే నేలకు దిగాయి.

వర్తకుడు అరిచాడు. బెదిరించాడు. వేరేవాళ్ళ కోసం వీధులన్నీ తిరిగాడు. పగ్గం పట్టేవాడు దొరకలేదు. మిగతా వర్తకుల బిడార్లు అతని వాకిలి ముందు నుంచే గంటలు మోగించుకుంటూ సంతకు వెళ్ళిపోతున్నాయి. ముందు చేరినవాడిదే ధర.

చివరికి సంచి విప్పాడు. జీతం ఇచ్చాడు. సుంకం ఇచ్చాడు. ఇస్తూ గొణిగాడు: "ఇంత చిన్న విషయానికి ఇంత రచ్చా?"

"చిన్నదైతే మొదటిరోజే ఇవ్వాల్సింది కదయ్యా" అన్నాడు ఓబన్న.

"పోనీలే, మళ్ళీ పనిలోకి రా."

"మీ దగ్గరికా?" ఓబన్న నవ్వలేదు. ముట్టిందని అందరికీ చెప్పి, పగ్గం బైరాగి చేతిలో పెట్టి, అమావాస్య రాకముందే కడియాలు విడిపించడానికి భార్యతో కలిసి చావడి దారి పట్టాడు.

పిల్లలూ, పనివాణ్ణి వద్దనుకునే హక్కు యజమానికి ఉండవచ్చు. అతను చేసిన పనికి కూలి, పెట్టిన ఖర్చు ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు, అలా ఎగ్గొట్టినవాడు ఎంత పెద్ద వర్తకుడైనా దొంగే.